ఈఎస్‌పీ32 ఊరికే రీసెట్ అవుతుంటే కరెంటు వచ్చే దారి వెంట నడవండి

ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పే ప్రోగ్రామ్ ఎక్కిస్తే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న బుల్లి కంట్రోలర్ చిప్) బోర్డు రోజంతా బుద్ధిగా నడుస్తుంది. అందులో వైఫై కలపగానే గోల మొదలు. సీరియల్ మానిటర్‌లో "బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అన్న వాక్యం (చిప్‌కు అందే వోల్టేజీ బాగా పడిపోయిందని అర్థం), వెంటనే రీసెట్, మళ్లీ అదే వాక్యం. ఎవరిని అడిగినా రెండే మందులు చెబుతారు: ఒక పెద్ద కెపాసిటర్ తగిలించు, లేకపోతే ఆ డిటెక్టర్‌నే ఆపేసే లైను కోడ్ మొదట్లో పెట్టు. మొదటిది కొన్నిసార్లు పనిచేస్తుంది. రెండోది రోగాన్ని కనపడకుండా చేస్తుంది, అంతే.

తూము దగ్గర కాలువ నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టుకు తడి కూడా అందకపోవడం మనకు కొత్త కాదు. చార్జర్ మీద 5 వోల్టులని రాసి ఉంది కాబట్టి చిప్ కాళ్ల దగ్గర 3.3 ఉండే ఉంటుందనుకోవడం తూము చూసి పంట పండిందనుకోవడమే. మధ్యలో నాలుగు చోట్ల వోల్టేజీ ఇంకిపోతుంది: యూఎస్‌బీ కేబుల్, బోర్డు మీది డయోడ్, 5ను 3.3గా దించే రెగ్యులేటర్, అక్కడి నుంచి చిప్ దాకా ఉండే తీగలు. ఏ చోట ఎంత పోతోందో కొలవకుండా కెపాసిటర్ల మీద డబ్బు పెట్టడం దండగ.

ముందుగా లెక్క చూద్దాం. డేటాషీట్ ప్రకారం ఈఎస్‌పీ32 చిప్ 802.11బీ పద్ధతిలో 19.5 డీబీఎం శక్తితో ప్రసారం చేసేటప్పుడు దాదాపు 240 మిల్లీఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు 100 లోపు. సప్లై కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలని తయారీదారు సిఫారసు. ఆ చిప్, ఫ్లాష్ మెమరీ కలిసి ఉండే వ్రూమ్-32 మాడ్యూల్‌కు కావలసిన వోల్టేజీ 3.0 నుంచి 3.6. మార్కెట్లో దొరికే 30 కాళ్ల, 38 కాళ్ల డెవ్‌కిట్ బోర్డుల్లో ఎక్కువ వాటి మీద ఏఎంఎస్1117-3.3 రెగ్యులేటర్ ఉంటుంది. దాన్ని "లో డ్రాపవుట్" రకమనే అమ్ముతారు గానీ, నిండు లోడు మీద ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య దానికి 1.1 వోల్టు తేడా (డ్రాపవుట్ అంటే ఇదే) కావాలి, గరిష్ఠంగా 1.3.

వెనక నుంచి కూడుకుంటూ రండి. చిప్‌కు 3.3. రెగ్యులేటర్‌కు 1.1. మొత్తం 4.4. యూఎస్‌బీ నుంచి వచ్చే దారిలో ఉన్న షాట్కీ (తక్కువ వోల్టేజీ తినే రకం) డయోడ్ 350 మిల్లీఆంపియర్ల దగ్గర (బోర్డు మొత్తం అంత లాగుతుందనుకుందాం) సుమారు 0.35 తింటుంది. ఇప్పుడు 4.75. ఒక మీటరు కేబుల్‌లో 28 గేజి తీగ ఉంటే (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) మీటరుకు 0.21 ఓము, పోనూ రానూ 0.43 ఓము. 350 మిల్లీఆంపియర్లకు 0.15 వోల్టు. మొత్తం 4.9. అంటే కచ్చితంగా 5.0 ఇచ్చే చార్జర్ ఉన్నా చేతిలో మిగిలేది 0.1 వోల్టు. అదే కేబుల్ 30 గేజి తీగతో రెండు మీటర్ల పొడవుంటే ఒక్క కేబులే 0.48 మింగేస్తుంది. ఇక లాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టు 4.75 ఇచ్చినా ప్రమాణాల ప్రకారం తప్పు కాదు.

అయితే అప్పులోకి వెళ్లినంత మాత్రాన బోర్డు వెంటనే పడిపోదు. ఇది చాలామంది గమనించని సంగతి. రెగ్యులేటర్‌కు తగినంత ఇన్‌పుట్ లేకపోతే అది నియంత్రించడం మానేసి, వచ్చినదాంట్లో వోల్టు తగ్గించి కిందికి వదులుతుంది. 3.1 వచ్చినా చిప్ నడుస్తుంది. బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ డిఫాల్ట్ గీత 2.43 వోల్టుల దగ్గర ఉంటుంది. 3.3 నుంచి అక్కడికి దిగాలంటే 0.87 వోల్టు పోవాలి. కాబట్టి ఆ సందేశం కనిపించిందంటే తప్పు చిన్నది కాదు. ఎక్కడో బాగా పెద్ద గండి పడింది. సందేశం రాలేదంటే అంతా సవ్యంగా ఉందనీ కాదు. 2.43కూ 3.0కూ మధ్య తిరుగాడే బోర్డు వైఫై తెగిపోతూ, ఫ్లాష్ తప్పుగా చదువుతూ, పూటకో కొత్త ఎర్రర్ చూపిస్తుంది. దాన్ని పట్టుకోవడమే కష్టం.

లాగ్ చెప్పే సంగతులు

మీటర్ పట్టుకునే ముందు బూట్ సందేశాలు చదవండి. రీసెట్ కారణం 15 అని గానీ, హెక్స్‌లో ఎఫ్ అని గానీ ఉంటే అది బ్రౌన్‌అవుట్. 1 అని మాత్రమే ఉండి, ముందు ఏ సందేశమూ లేకపోతే పవర్ పూర్తిగా పోయి వచ్చింది, లేదా ఈఎన్ కాలు (చిప్‌ను రీసెట్ చేసేది) కిందికి లాగబడింది. లూజు కనెక్టరు, తెగీ తెగని కేబుల్ ఇలాంటి లక్షణమే చూపిస్తాయి. వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే రీసెట్ చేసే టైమర్) పేరుతో వచ్చే రీసెట్లు ఎక్కువసార్లు ప్రోగ్రామ్ తప్పులే, వాటికి సప్లైని తిట్టకండి. సీరియల్ మానిటర్ తెరవగానే ఒకసారి రీసెట్ కావడం రోగమే కాదు. డీటీఆర్, ఆర్‌టీఎస్ గీతల ద్వారా పీసీ చేసే పని అది.

"ఫ్లాష్ రీడ్ ఎర్రర్ 1000" అని పదేపదే వస్తుంటే మీటర్ పక్కన పెట్టి జీపీఐఓ 12 కాలికి ఏం కట్టారో చూడండి. బూట్ అయ్యే క్షణంలో ఆ కాలు పైకి (3.3 వోల్టుల దగ్గర) ఉంటే చిప్ ఫ్లాష్‌కు 3.3 బదులు 1.8 వోల్టులు ఇస్తుంది. సెన్సర్ మాడ్యూల్ మీది పుల్అప్ రెసిస్టర్ చాలు ఈ పని చేయడానికి. సప్లై సమస్యలా కనిపించే వైరింగ్ సమస్య ఇది.

ఇంకో సులువైన పరీక్ష: రీసెట్ అయినప్పుడు లాప్‌టాప్‌లో సీరియల్ పోర్టు కూడా మాయమై మళ్లీ వస్తోందా? వస్తుంటే 5 వోల్టుల వైపే కూలిపోతోంది. సీపీ2102 లాంటి యూఎస్‌బీ చిప్ కూడా ఆకలితో చచ్చిపోయిందన్నమాట. పోర్టు చెక్కుచెదరకుండా చిప్ మాత్రమే రీసెట్ అవుతుంటే వెతుకులాట రెగ్యులేటర్ నుంచి మొదలుపెట్టవచ్చు.

సిమెంట్ రెసిస్టర్‌తో కొలత

వైఫై లోడు క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. మామూలు మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. అందుకే రీసెట్ల మధ్య కూడా అది 3.28 అని నిశ్చింతగా చూపిస్తూ ఉంటుంది. దీనికి మందు, లోడునే కదలకుండా నిలబెట్టడం. 10 ఓములు, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి తీసుకోండి. 3.3 వోల్టుల దగ్గర అది 330 మిల్లీఆంపియర్లు లాగుతుంది, 1.1 వాటు వేడి పుడుతుంది. ఈఎన్ బటన్ నొక్కి పట్టుకుని చిప్‌ను రీసెట్‌లో ఉంచండి. రెసిస్టర్‌ను 3.3 కాలికీ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి. ఒక నిమిషంలోపు కొలతలు ముగించండి. రెగ్యులేటర్ కూడా వేడెక్కుతుంది కాబట్టి అలాగే వదిలేసి టీకి వెళ్లకండి.

నల్ల ప్రోబ్‌ను వ్రూమ్ మాడ్యూల్ ఒకటో కాలి దగ్గర, అంటే గ్రౌండ్ దగ్గర ఉంచి, ఎర్ర ప్రోబ్‌ను వరుసగా నాలుగు చోట్ల పెట్టండి: యూఎస్‌బీ కనెక్టర్ పక్కన డయోడ్‌కు ముందు, డయోడ్ తర్వాత ఉండే విన్ కాలు, బోర్డు అంచున 3.3 కాలు, చివరగా మాడ్యూల్ రెండో కాలు. ఆరోగ్యంగా ఉన్న బోర్డులో ఈ అంకెలు 4.85, 4.5, 3.29, 3.29కి దగ్గరగా ఉంటాయి. 4.4, 4.05, 2.98, 2.97 వచ్చాయంటే రెగ్యులేటర్ నిర్దోషి. దానికి అందాల్సిందే అందలేదు, దొంగ కేబుల్. 4.85, 4.5 వచ్చి 3.3 కాలి దగ్గర 2.7 ఉంటే రెగ్యులేటర్ పనైపోయింది. పైన ఏఎంఎస్1117 అనే అక్షరాలున్న ప్రతి చిప్పూ ఒకే కర్మాగారంలో పుట్టింది కాదు.

ఆ తర్వాత చాలామంది వదిలేసే కొలత ఒకటుంది. రెండు ప్రోబ్‌లూ గ్రౌండ్ మీదే పెట్టండి. ఒకటి సప్లై నెగటివ్ దగ్గర, ఇంకోటి మాడ్యూల్ గ్రౌండ్ దగ్గర. దాదాపు సున్నా రావాలి. లోడు మీద 0.2 వోల్టు వస్తే, మైనస్ తీగలో కూడా అంత పోతోంది. ప్లస్ వైపు మాత్రమే లావు తీగ వేసి గ్రౌండ్‌కు సన్నని జంపర్ వేసినవాళ్లకు ఇది రాసిపెట్టినట్టు వస్తుంది.

కేబుల్, డయోడ్, యూఎస్‌బీ-సీ

కేబుల్ అనుమానం ఉంటే ముందు పొట్టిది మార్చి చూడండి, 30 సెంటీమీటర్లది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంగళ్లలో కేబుళ్లు కొనేటప్పుడు తొడుగు లావు చూసి మోసపోకండి. పైన రబ్బరు లావుగా ఉండి లోపల వెంట్రుకలాంటి రాగి ఉండొచ్చు. తొడుగు మీద 24 గేజి అని అచ్చు వేసినవి దొరికితే తీసుకోండి. 24 గేజి తీగకు మీటరుకు 0.084 ఓమే. 28 గేజితో పోలిస్తే నష్టం రెండున్నర రెట్లు తగ్గుతుంది.

డయోడ్ కాలిపోయి రిపేరు చేసిన బోర్డయితే దాని స్థానంలో ఏం వేశారో చూడండి. షాట్కీ బదులు చేతికందిన మామూలు 4007 రకం డయోడ్ వేస్తే 0.8 వోల్టు అక్కడే పోతుంది. ఇక ఏం చేసినా పై లెక్క సరిపోదు.

కొత్త బోర్డుల మీద యూఎస్‌బీ-సీ కనెక్టర్ వస్తోంది. సీ నుంచి సీ కేబుల్ పెడితే బోర్డులో ఎల్‌ఈడీ కూడా వెలగదు, పాత ఏ నుంచి సీ కేబుల్ పెడితే చక్కగా నడుస్తుంది. బోర్డు పాడైందని తిరిగి పంపేస్తారు. అసలు సంగతి, సీసీ1, సీసీ2 కాళ్ల మీద ఉండాల్సిన 5.1 కిలోఓముల రెసిస్టర్లు తయారీదారు వేయలేదు. అవి లేకపోతే సీ చార్జర్ అవతల పరికరం ఉందనే అనుకోదు, 5 వోల్టులు వదలదు.

రెగ్యులేటర్ దగ్గర జరిగే మోసాలు

విన్ కాలికి 12 వోల్టుల అడాప్టర్ తగిలించడం మనవాళ్లకు మహా సరదా. ఏఎంఎస్1117 ఇన్‌పుట్ గరిష్ఠ పరిమితి 15 వోల్టులు కాబట్టి చెల్లుతుందనుకుంటారు. వోల్టేజీ చెల్లుతుంది, వేడి చెల్లదు. 12 నుంచి 3.3 తీసేస్తే 8.7. సగటున 120 మిల్లీఆంపియర్లు పోతే 1.04 వాటు ఆ గోరంత చిప్ మీదే ఖర్చవుతుంది. వేడి చల్లార్చే రాగి వైశాల్యం బోర్డు మీద ఉండదు. పది నిమిషాలు నడిచి ఆగిపోవడం, చల్లారాక మళ్లీ లేవడం, ఇదంతా దాని థర్మల్ షట్‌డౌన్ ఆట. రీసెట్ గడియారం పెట్టుకున్నట్టు సమయానికి వస్తుంటే కోడ్ వెతకడం మానేసి రెగ్యులేటర్ వేడి చూడండి. 12 వోల్టులే ఉన్నాయంటే ముందు ఒక బక్ (వోల్టేజీ తగ్గించే) మాడ్యూల్ పెట్టి 5.1 వోల్టులకు సరిచేయండి. సరిచేయడం లోడు కట్టకముందే జరగాలి. ఎల్‌ఎం2596 మాడ్యూళ్ల ట్రిమ్‌పాట్ (వోల్టేజీ సరిచేసే మర) కొనుక్కొచ్చినప్పుడు ఏ వోల్టేజీ దగ్గర ఉందో దేవుడికే తెలియాలి.

విన్‌కు బయటి నుంచి సప్లై ఇస్తూ యూఎస్‌బీ కూడా పెట్టకండి. డయోడ్ ఉన్న బోర్డు తట్టుకుంటుంది. డయోడ్ లేని బోర్డు మీ లాప్‌టాప్ పోర్టులోకి కరెంటు ఎదురు తోస్తుంది. డయోడ్ ఉందో లేదో తెలియనప్పుడు ఏదో ఒక్కటే.

బోర్డుకు 3.3 నేరుగా ఇచ్చేవాళ్లకు వేరే ఉచ్చు. ఎఫ్‌టీ232ఆర్ చిప్ 3.3 అవుట్‌పుట్ 50 మిల్లీఆంపియర్లకే పరిమితం. సీపీ2102 లోపలి రెగ్యులేటర్‌ది 100. ఆర్డుఇనో ఊనో 3.3 కాలు 50. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ నుంచి ఈఎస్‌పీ32-క్యామ్‌కు 3.3 ఇచ్చి కెమెరా రావడం లేదని బాధపడటంలో అర్థం లేదు. ఆ బోర్డుకు 5 వోల్టుల కాలి మీద, కనీసం 1 ఆంపియర్ ఇవ్వగల సప్లై కావాలి.

18650 బ్యాటరీతో ఏఎంఎస్1117 ఉన్న బోర్డును నడపాలనుకోవడం లెక్కలోనే తేలిపోతుంది. నిండు 4.2లో 1.1 తీసేస్తే 3.1. బ్యాటరీ 3.7కి దిగేసరికి 2.6. వైఫై పుంజుకున్నప్పుడు ఇంకా కిందికి. ఏపీ2112కే-3.3 రెగ్యులేటర్ 600 మిల్లీఆంపియర్ల దగ్గర కూడా 0.25 వోల్టుతో సరిపెట్టుకుంటుంది, దాని ఇన్‌పుట్ మాత్రం 6 వోల్టులు దాటకూడదు. హెచ్‌టీ7333, ఎంసీపీ1700 డ్రాపవుట్ చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. రెండింటి పరిమితీ 250 మిల్లీఆంపియర్లే. వైఫై శిఖరాలకు అవి అంచు మీదే ఉంటాయి. సెన్సర్ బోర్డుకు ఓకే, ఈఎస్‌పీ32కు కాదు.

కెపాసిటర్ ఎప్పుడు, ఎంత

సిమెంట్ రెసిస్టర్ పరీక్షలో అంకెలన్నీ బాగున్నాయి, అయినా రీసెట్ ఆగలేదు. అప్పుడు కెపాసిటర్ వంతు. అది చేసే పని చిన్నది: లోడు ఎగిసిన తర్వాత రెగ్యులేటర్ తేరుకునే కొద్ది మైక్రోసెకన్లు ఆదుకోవడం. కరెంటును సమయంతో గుణించి, ఒప్పుకోగల వోల్టేజీ పతనంతో భాగించాలి. 0.25 ఆంపియర్, 20 మైక్రోసెకన్లు, 0.1 వోల్టు పతనం. వచ్చేది 50 మైక్రోఫారడ్లు. రెట్టింపు చేసి 100 పెట్టుకుంటే సరి.

అదే సూత్రంతో, సన్నని కేబుల్ వల్ల 5 మిల్లీసెకన్ల పాటు కొరత ఉందనుకోండి. 0.3 వోల్టు పతనంతో ఆదుకోవాలంటే 4200 మైక్రోఫారడ్లు కావాలి. 1 మెగాబిట్ వేగంతో 1500 బైట్ల ప్యాకెట్ గాల్లోకి పోవడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ జబ్బును కెపాసిటర్ మాన్పలేదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

అయినా 4700 పెట్టేస్తే పోలా అంటే, అక్కడో చిక్కు. ఈఎన్ కాలికి 10 కిలోఓముల రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి చిన్న ఆలస్యం ఇస్తాయి. 0.1 మైక్రోఫారడ్ అయితే మిల్లీసెకను, తయారీదారు సూచించే 1 మైక్రోఫారడ్ అయితే 10. పెద్ద కెపాసిటర్ నిండటానికి రెగ్యులేటర్ 0.8 ఆంపియర్ ఇచ్చినా 19 మిల్లీసెకన్లు కావాలి. 3.3 వోల్టులు పూర్తిగా లేవకముందే చిప్ నిద్రలేచి తడబడుతుంది. చేత్తో ఈఎన్ నొక్కితే బాగా లేస్తుంది, ప్లగ్ పెట్టగానే మాత్రం లేవదు. ఈ లక్షణం కనిపిస్తే అదే కారణం. 5 వోల్టుల వైపు పెట్టినా తిప్పలే. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం పరికరం ప్లగ్ చేసిన క్షణంలో పోర్టుకు కనపడే కెపాసిటెన్స్ 10 మైక్రోఫారడ్లు దాటకూడదు. 1000 పెడితే కొన్ని లాప్‌టాప్‌లు పోర్టునే ఆపేస్తాయి.

రకం కూడా లెక్కే. మామూలు 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్‌కు లోపలి నిరోధం ఓము దరిదాపుల్లో ఉండవచ్చు. 0.25 ఆంపియర్‌కు అక్కడే 0.25 వోల్టు గోవిందా. లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం అడిగి తీసుకోండి, దాని పక్కనే 10 మైక్రోఫారడ్ల సిరామిక్ ఒకటి. సిరామిక్‌ల మీద రాసిన అంకెను పూర్తిగా నమ్మకండి. 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న చిన్న సైజు ఎక్స్5ఆర్ కెపాసిటర్ మీద 3.3 వోల్టులు పడగానే అసలు విలువలో చాలా భాగం కరిగిపోతుంది. 16 వోల్టుల రేటింగ్ ఉన్న 0805 సైజు తీసుకుంటే కాస్త నయం. సిరామిక్‌లు మాత్రమే పెడితే ఏఎంఎస్1117 ఊగిసలాడొచ్చు. దాని డేటాషీట్ అవుట్‌పుట్ మీద 22 మైక్రోఫారడ్ల టాంటలమ్ అడుగుతుంది, ఆ కొద్దిపాటి అంతర్నిరోధమే దాన్ని నిలకడగా ఉంచుతుంది. అందుకే రెండు రకాలూ కలిపి వేయడం.

పెట్టే చోటు మాడ్యూల్ ఒకటి, రెండు కాళ్ల దగ్గరే, తీగ రెండు సెంటీమీటర్లకు మించకుండా. బ్రెడ్‌బోర్డు అవతలి చివర గుచ్చిన కెపాసిటర్‌కు మధ్యలో నాలుగు స్ప్రింగ్ కాంటాక్టులు, ఇరవై సెంటీమీటర్ల జంపర్ అడ్డం. అది అలంకారానికే.

ఆసిలోస్కోప్ లేకపోతే

ఉంటే పని సులువు. ప్రోబ్ పదింతల సెట్టింగ్‌లో, గ్రౌండ్ మొసలి క్లిప్ బదులు ప్రోబ్ మొన పక్కనే ఉండే చిన్న స్ప్రింగ్‌తో, ట్రిగర్ కిందికి పడే అంచు మీద 3.0 వోల్టుల దగ్గర, సింగిల్ మోడ్. 200 కిలోహెర్ట్జ్ డీఎస్‌ఓ138 కిట్ కూడా మిల్లీసెకన్ల పతనాలు చూపిస్తుంది. టేబుల్ మీది పెద్ద స్కోప్‌కైతే గ్రౌండ్ క్లిప్ ఎర్తుకు కలిసి ఉంటుందని మరవకండి. దాన్ని పొరపాటున 3.3 మీద పెడితే, లాప్‌టాప్ కూడా ఎర్త్ అయి ఉంటే, నేరుగా షార్టే.

స్కోప్ లేనివాళ్లకు మూల పడి ఉన్న ఊనో ఒకటి చాలు. దాన్ని వేరే చార్జర్‌తో నడపండి, రెండు బోర్డుల గ్రౌండ్లు కలపండి. ఈఎస్‌పీ32 మాడ్యూల్ 3.3 కాలి నుంచి 27 కిలోఓములు, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓములు, మధ్య బిందువు ఊనో ఏ0 కాలికి. ఊనోలో అనలాగ్ రిఫరెన్స్‌ను లోపలి 1.1 వోల్టులకు మార్చండి. అప్పుడు ఊనో సొంత 5 వోల్టులు ఊగినా కొలత చెడదు. 3.3 వోల్టులకు మధ్య బిందువు దగ్గర 0.89, అంకె 830 దరిదాపుల్లో. 2.9కి 729. చిప్‌కు చిప్‌కు ఆ రిఫరెన్స్ 1.0 నుంచి 1.2 వరకు తేడా ఉంటుంది కాబట్టి మల్టీమీటర్‌తో ఒకసారి సరిపోల్చుకోవాలి. 22 కిలోఓములు పెట్టకపోవడానికీ కారణం అదే, రిఫరెన్స్ 1.0 ఉన్న ఊనోలో అంకె పైకప్పుకు తగిలి ఆగిపోతుంది. లూప్‌లో ఆపకుండా చదువుతూ, సెకనుకోసారి ఆ సెకనులో వచ్చిన కనిష్ఠాన్ని మాత్రమే ప్రింట్ చేయండి. ఒక్కో రీడింగ్‌కు 112 మైక్రోసెకన్లు పడుతుంది, అంతకంటే పొట్టి పతనాలు తప్పించుకుంటాయి. కేబుల్, సర్వో, రిలే చేసే పతనాలు మాత్రం దొరికిపోతాయి.

కోడ్ వైపు నుంచీ ఒక నిర్ధారణ ఉంది. వైఫై ప్రసార శక్తిని 19.5 నుంచి 8.5 డీబీఎంకు దించి చూడండి. రీసెట్లు ఆగిపోతే నేరం సప్లైదే. సిగ్నల్ దగ్గరగా ఉన్న చోట అలాగే ఉంచేయడమూ తప్పు కాదు.

డిటెక్టర్‌ను ఆపడం కాదు, పైకి జరపాలి

సాధారణ 3.3 వోల్టుల ఫ్లాష్ చిప్‌ల పని పరిధి 2.7 నుంచి 3.6. డిటెక్టర్ గీత 2.43 దగ్గర ఉంది. అంటే 2.43కూ 2.7కూ మధ్య ఫ్లాష్ తన పరిధి బయట ఉన్నా ప్రాసెసర్ దానికి రాయమని చెబుతూనే ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్, సెట్టింగులు దాచుకున్న ఎన్‌వీఎస్ భాగం పాడయ్యేది ఈ సందులోనే. డిటెక్టర్‌ను పూర్తిగా ఆపేస్తే ఆ సందు ఇంకా వెడల్పవుతుంది. చేయాల్సింది దానికి తలకిందులు. ఈఎస్‌పీ-ఐడీఎఫ్ (తయారీదారు ఇచ్చే ప్రోగ్రామింగ్ సాధనం) మెనూకాన్ఫిగ్‌లో బ్రౌన్‌అవుట్ స్థాయిని చివరిదైన 2.80 వోల్టులకు పెట్టండి. రీసెట్లు మొదట్లో పెరుగుతాయి, పెరగనివ్వండి. దాగి ఉన్నవి బయటపడుతున్నాయి. ఆర్డుఇనోలో లైబ్రరీలు ముందే కంపైల్ అయి వస్తాయి కాబట్టి మెనూలో ఈ మార్పు దొరకదు, ఐడీఎఫ్‌లో ఆర్డుఇనోను కాంపోనెంట్‌గా కలుపుకోవాలి.

సర్వోలు, రిలేలు, మోటారు స్టార్టర్లు

ఎస్‌జీ90 లాంటి బుల్లి సర్వో కూడా ఇరుక్కుపోతే అర ఆంపియర్ పైనే లాగుతుంది. దాన్ని బోర్డు విన్ కాలి నుంచి నడపకండి. వేరే 5 వోల్టుల సప్లై పెట్టి, గ్రౌండ్లు రెండూ సప్లై దగ్గరే ఒకచోట కలపండి, సర్వో కరెంటు ఈఎస్‌పీ గ్రౌండ్ తీగ గుండా వెళ్లకూడదు. సిమ్800ఎల్ జీఎస్ఎం మాడ్యూల్ ఇంకా పెద్ద తిండిపోతు. 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంపియర్లు, 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి. దానికి 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి, 5 వోల్టులు నేరుగా ఇవ్వకూడదు.

5 వోల్టుల నీలం రిలేల కాయిల్ ఒక్కోటి 70 మిల్లీఆంపియర్లు. నాలుగు ఒకేసారి లేస్తే 280, అది వైఫై శిఖరంతో కలిస్తే చెప్పేదేముంది. సెటప్‌లో వైఫై కనెక్ట్ అయ్యాక, ఒక్కో రిలే మధ్య 100 మిల్లీసెకన్ల ఎడం ఇస్తే సగం గొడవ తీరుతుంది. ఆప్టోకప్లర్ (కాయిల్ వైపును విడదీసే భాగం) ఉన్న బోర్డయితే జేడీ-వీసీసీ జంపర్ తీసి కాయిల్‌కు వేరే 5 వోల్టులివ్వండి.

పొలం మోటారు స్టార్టర్‌కు రిలే తగిలించినవాళ్ల బాధ వేరు. మోటారు ఆన్ అయినప్పుడు బాగానే ఉంటుంది, ఆఫ్ చేసినప్పుడే బోర్డు రీసెట్ అవుతుంది. వోల్టేజీ కొలిస్తే ఎక్కడా తగ్గదు. స్టార్టర్ లోపలి కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఆగినప్పుడు పుట్టే స్పైక్ తీగల గుండా, గాలి గుండా ఈఎన్ కాలినో సెన్సర్ తీగనో చేరుతోంది. ఎన్ని కెపాసిటర్లు పెట్టినా ఇది పోదు, ఎందుకంటే కొరత లేదు. 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్ అయితే దాని రెండు చివరల మధ్య 100 ఓముల అర వాటు రెసిస్టర్, దానికి సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్. ఎక్స్2 తప్పనిసరి, మీద 275 వోల్టుల ఏసీ అని ఉండాలి. మామూలు ఫిల్మ్ కెపాసిటర్ 230 మీద పెడితే కాలుతుంది. ఈ పని మెయిన్ స్విచ్ ఆపి, టెస్టర్‌తో చూసి, అప్పుడే. కాయిల్ తీగలనూ సెన్సర్ తీగలనూ ఒకే పైపులో పంపకండి.

పవర్ బ్యాంకు మీద పెట్టిన బోర్డు రాత్రి ఆగిపోయి, బటన్ నొక్కగానే లేస్తుంటే సప్లై బలహీనం కాదు. డీప్ స్లీప్‌లో బోర్డు లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో పవర్ బ్యాంకు ఏమీ తగిలించలేదనుకుని తనే ఆరిపోతోంది.

సరిచేశాక సిమెంట్ రెసిస్టర్ పరీక్ష మళ్లీ ఒకసారి చేసి నాలుగు అంకెలూ బోర్డు వెనక మార్కర్‌తో రాసిపెట్టండి. ప్రతి బూట్‌లో రీసెట్ కారణం సంఖ్యను చదివి, వైఫై కలవగానే సర్వర్‌కు పంపే రెండు లైన్లు కోడ్‌లో ఉంచేయండి. ఆర్నెల్ల తర్వాత ఆ వరుసలో మళ్లీ 15 కనిపిస్తే ముందు మాడ్యూల్ దగ్గర కొలవండి, తర్వాత బోర్డు వెనక చూడండి.